మళ్లీ ఆ వెనుదిరిగిన అమ్మాయేనా?

పుస్తకానికి కొత్తగా ఉండే అట్ట బొమ్మ వేయమంటారు ప్రచురణకర్తలు. తీరా వేశాక, పాతదానిలా లేదంటారు!

టీనేజీ పిల్లల కోసం రాసిన నవల. కథానాయికకు పదహారేళ్లు, సైకిళ్లు బాగుచేస్తుంది, గోళ్లలో ఎప్పుడూ గ్రీజు నలుపే. ఆ చేతులే గీశాను. జవాబు వచ్చింది: "బాగుంది కానీ, పొడవాటి గౌనులో అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడితే?" నవల మొత్తంలో గౌను ఊసే లేదు. అసలు చదివారా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

తర్వాత అట్ట మీద పుస్తకం పేరు పెద్దది చేయమన్నారు. ఫోనులో అట్ట గోరంత కనిపిస్తుంది, కాబట్టి అది న్యాయమే. చేశాను. చేతులు సగం అక్షరాల కిందికి పోయాయి. ఈలోగా 24 పేజీలు పెరిగాయని కబురు. పేజీలు పెరిగితే పుస్తకం వెన్ను మందం పెరుగుతుంది, అట్టంతా మళ్లీ సర్దాలి. పైగా తెర మీద మెరిసిన నీలం అచ్చులో ఎందుకు వెలిసిపోయిందని నిలదీత. తెరది వెలుగు, కాగితం మీదది సిరా! ఎన్నిసార్లు చెప్పాలి?

రాత్రి పంపిన ఫైలు పేరు "చివరిది_కొత్తది_7". పొద్దున్నే మెయిలు: మొదటిదే బాగుందట.