స్నేహితుణ్ణి చూడకుండా స్నేహితుడి బొమ్మ

అయిదేళ్ల పిల్లలకి ‘నా స్నేహితుడు’ అని బొమ్మల పోటీ పెట్టడం ఎంత ప్రమాదమో మన పెద్దలు ఇంకా గ్రహించినట్టు లేదు. జెండా గీయమంటే ఏ చిక్కూ లేదు. జెండా ఎవరింట్లోనైనా ఒక్కటే. స్నేహితుణ్ణి గీయమంటే మాత్రం గుంటడు పక్క బెంచీ వైపు తిరిగి నిజంగానే చూస్తాడు. చూశాడా, ఊడిన ముందుపన్ను గీస్తాడు. చొక్కాకి రెండో గుండీ లేని సంగతి గీస్తాడు. ముక్కు కింద కారేదానికి ఆకుపచ్చ క్రేయాను వెతుకుతాడు. ఆ కాగితం గోడకెక్కాక పన్నూడినవాడి తల్లి వచ్చి “ఓలమ్మ, మా గుంటడు ఇలాగున్నాడేటి?” అంటే సంజాయిషీ చెప్పుకోవలసింది టీచరమ్మ. అందుచేత స్నేహితుడి బొమ్మ నేర్పడంలో మొట్టమొదటి పని, ఆ స్నేహితుణ్ణి ఎత్తి వేరే వరసలో కూర్చోబెట్టడం.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి ఒకటి అక్కడక్కడా నడుస్తోందని శ్రీకాకుళం జిల్లా ప్రజలను హెచ్చరించవలసి ఉంది. ఇద్దర్నీ ఎదురెదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చోబెడతారు. రెండు నిమిషాలు క్రేయాను ముట్టనివ్వరు. ‘నీకు లేనిది వీడి మొహంలో ఏముంది?’ అని అడిగి మూడు సంగతులు నోటితో చెప్పిస్తారు: నుదుటి మీద మచ్చ, చెవి పోగు, నెత్తిన రెండు సుడులు. ఆ తరవాతే కాగితం. అదీ ఏ4 కాదు, దానికి రెట్టింపు ఉండే ఏ3. నాలుగు మూలలా టేపు అంటిస్తారు. ఒక చేత్తో కాగితం అదిమిపట్టి రెండో చేత్తో గీయడం ఆ వయసుకి ఇంకా గట్టిపడదు. కాగితం జారితే గీత జారుతుంది, గీత జారితే ఏడుపు. పది నిమిషాలయ్యాక గీసినవాడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు గీస్తాడు. ఇలా చేస్తే ముప్ఫై మంది పిల్లలకి ముప్ఫై రకాల బొమ్మలొస్తాయి. మార్కులు వేయడం ఎవరి తరం?

మన పద్ధతిలో ఆ బెడద లేదు. బోర్డు మీద సున్నా, సున్నాలో రెండు చుక్కలు, కింద అరటిపండు లాంటి నవ్వు. ముప్ఫై మందికీ కలిపి ఒక్కడే స్నేహితుడు. జాతీయ సమైక్యత గురించి ఇంతకన్నా ఏం నేర్పగలం?

చుక్కలు మాత్రం నుదుటి దగ్గరే పెట్టించాలి. చీపురుపుల్ల ఒకటి తీసుకుని మాడు నుంచి గడ్డం దాకా కొలిచి సగానికి విరిస్తే, కళ్లుండేది ఆ విరుపు దగ్గర. చిన్నపిల్లలకైతే ఇంకాస్త కిందే. అయినా పిల్లలూ పెద్దలూ కళ్లని పైకే తోసేస్తారు. మనకి మొహమంటే కళ్లూ ముక్కూ నోరూను. వాటి పైన అంత తలకాయ ఉందని లెక్కలోకే రాదు. చెవి సుమారుగా కనుబొమ్మ ఎత్తున మొదలై ముక్కు అడుగున ఆగుతుందని కూడా ఆ పుల్లే చెప్పేస్తుంది. కనక బొమ్మల తరగతిలోకి చీపురు రానివ్వకూడదు.

మూడు నాలుగేళ్లవాళ్ల సంగతి వేరు. వాళ్లు తలకాయ గీసి దానికే కాళ్లు తగిలిస్తారు. తోకకప్పలా ఉంటుంది. చేతులు చెవుల దగ్గర మొలుస్తాయి. ఇది తప్పు కాదు, ఒక దశ, నాలుగూ అయిదేళ్ల మధ్య పొట్ట దానంతటదే వస్తుంది అని తెలిసినవాళ్లు అంటారు. ‘బొడ్డెక్కడరా?’ అని అడిగితే గుంటడు ఆ రెండు కాళ్ల మధ్య ఖాళీలో చుక్క పెడతాడట. అంటే వాడి లెక్కలో పొట్ట ఉంది, గీత చుట్టలేదు, అంతే. ఈ మాటలు నమ్మి ఊరుకుంటే పిల్లవాడు పొట్ట లేకుండానే ఎల్‌కేజీ దాటేస్తాడు. చెయ్యి పట్టుకుని దిద్దించాలి. దిద్దిస్తే పొట్ట వస్తుంది. మర్నాడు ఒంటరిగా గీసినప్పుడు మళ్లీ పోతుంది. మళ్లీ దిద్దించాలి. ఓపిక ఉండాలి.

సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో గీసే మనుషులకి కళ్లూ ముక్కూ ఉండవు. అయినా ఆ గీతల మనుషులు ఏనుగెక్కుతారు, వరస కట్టి ఆడతారు. మన పోటీలో వాళ్లకి కన్సొలేషను ప్రైజు కూడా రాదు.

1926లో ఫ్లారెన్స్ గుడ్‌ఇనఫ్ అనే అమెరికా మనస్తత్వవేత్త, పిల్లలు గీసిన మనిషి బొమ్మలో వివరాలు లెక్కపెట్టి తెలివిని అంచనా కట్టే పరీక్ష ఒకటి తయారుచేసింది. అందులో 51 అంశాలు. ఈ సంగతి మన తల్లులకి ఎలా తెలిసిందో గాని, బొమ్మకి గుండీలు, బెల్టు, చేతి గడియారం, అయిదేసి వేళ్లు ఒక్క సాయంత్రంలో మొలిచేస్తున్నాయి. గుంటడికి వదిలేస్తే వేళ్లు సూర్యకిరణాల్లా ఏడో ఎనిమిదో వస్తాయి. పక్కవాడి చెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీయిస్తే లెక్క కుదిరిపోతుంది గాని, దానికి మళ్లీ పక్కవాడు కావాలి.

ఇక ఒంటిరంగు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో ఏ స్టేషనరీ కొట్టుకెళ్లినా పెట్టెలో ‘స్కిన్ కలర్’ అని ఒక క్రేయాను చూపిస్తారు. లేత గులాబీ. నాగావళి ఒడ్డున ఎండలో ఆడే ఏ గుంటడి ఒంటికీ ఆ రంగు ఉండదు. అమెరికాలో క్రయోలా కంపెనీ ఆ క్రేయానుకి పెట్టిన ‘ఒంటిరంగు’ అనే పేరు 1962లోనే తీసేసి పీచు పండు పేరు పెట్టింది. మనం తొందరపడే జాతి కాదు.

కొందరు ఏం చేస్తారంటే, ముందు పసుపుపచ్చగాని నారింజగాని తేలిగ్గా పూయించి, పైన గోధుమరంగు వేయిస్తారు. మొదటి పూత గట్టిగా నొక్కితే మైనం మీద మైనం జారిపోయి రెండో రంగు పట్టదు, అందుకే తేలిగ్గా. చిత్తు కాగితం మీద వేసి, స్నేహితుడి ముంజేతి పక్కన పెట్టి సరిచూసుకుంటారు. కొబ్బరినూనె రాసిన తలైతే దువ్విన దారినే నలుపు వేసి, మెరుపు కోసం సన్నగా ఒక తెల్లచార వదిలేస్తారు. ఈ ఊళ్లోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య, చందమామ ముఖచిత్రాల వపా, ఒక్క చెంపలో ఎన్ని రంగులు కలిపేవాడో చూడమంటారు. ఆయనకి పన్నెండు క్రేయాన్ల పెట్టె కొనిచ్చినవాళ్లు లేరు కాబోలు, పాపం.

వెనక దృశ్యం తప్పనిసరి: రెండు కొండలు, మధ్య సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు. కింద ‘ఉదయం’ అని రాయించాలి. మన జిల్లాలో కొండలు పడమటి వైపు, సముద్రం తూర్పున. కళింగపట్నంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. అరసవల్లిలో సూర్యదేవుడి గుడి పెట్టుకున్న జిల్లా అయినా సరే, డ్రాయింగు పుస్తకంలో లేని దిక్కున ఉదయించే హక్కు ఆయనకి లేదు.

చివరగా రబ్బరు. ఇది తల్లి చేతిలో ఉండాలి. గీత వంకరైన ప్రతిసారీ రుద్దాలి. అయిదోసారికి కాగితం నూగెక్కుతుంది, ఏడోసారికి స్నేహితుడి బుగ్గ మీద చిల్లి పడుతుంది. అప్పుడు కొత్త కాగితం తీసి తల్లే గీసేస్తుంది. పనులు తొందరగా తెమిలే మార్గం ఇదే.

బహుమతి వచ్చాక ఆ స్నేహితుణ్ణి పిలిచి చూపించడం ఆనవాయితీ.

“ఇదెవులు?”

“నువ్వే.”

“నాను కాదు. నాకు పన్ను నేదు కదేటి.”

ఇలాంటి అభ్యంతరాలు ఏవైనా ఉంటే ఫలితాలు ప్రకటించక ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి.