ఖాళీలో ఒక్క రాజే పడతాడు

రాజులందరికీ నేటివిటీ సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలని ప్రభుత్వాలకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. రాజులు ఎప్పుడో పోయినా సరే, వెతికి ఇవ్వాలి. లేకపోతే మా ఇంట్లో శాంతిభద్రతలు నిలిచేలా లేవు.

వేసవి సెలవులకు రాజమండ్రి నుంచి మా అక్క కొడుకు చెన్నై వచ్చాడు. వాడూ మా అమ్మాయీ ఇద్దరూ అయిదో తరగతే. అమ్మాయి హాలిడే హోంవర్కులో "కులోత్తుంగుడు ______ రాజు" అని ఓ ఖాళీ ఉంది. తను "చోళ" అని రాసింది. వాడు చెరిపేసి "చాళుక్య" అని రాశాడు. "మావాడు" అన్నాడు. "మావాడు" అంది. మూడోసారి చెరిపేటప్పటికి కాగితం చిరిగి, ఖాళీ ఉండాల్సిన చోట నిజంగానే ఖాళీ మిగిలింది.

పిల్లలు నిద్రపోయారు కాబట్టి అసలు సంగతి గుట్టుగా చెప్పుకుందాం. నన్నయ చేత భారతం రాయించిన రాజమండ్రి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. పిల్లాడికి తాత పేరే పెట్టుకున్నారు. నరేంద్రుడు మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగను చేసుకున్నాడు. వాళ్లబ్బాయి కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకుని, 1070లో ఏకంగా మేనమామల సింహాసనమే ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. ఇదంతా విని మా అమ్మ "ఇందులో కొట్టుకోడానికేముంది, మేనరికాలేగా" అంది. ఆవిడ బళ్లో సోషల్ చదవలేదు, పట్టించుకోకండి.

పాఠ్యపుస్తకం రాసేవాళ్ల ఇబ్బంది కూడా చూడాలి. ఖాళీలో ఒక్క మాటే పడుతుంది, దానికి ఒక్క మార్కే ఉంటుంది. "నాన్న వైపు చాళుక్యుడు, అమ్మ వైపు చోళుడు" అని రాసే పిల్లకు మార్కు వేస్తే, రేపు అది దేన్నైనా రెండు వైపుల నుంచీ చూడటం మొదలెడుతుంది. అలాంటి పౌరులతో ఏ ప్రభుత్వం వేగుతుంది? పదేళ్లకే మనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో ఖాయం చేసేస్తే, నలభై ఏళ్లకు వాట్సాప్‌లో తడుముకోకుండా ఫార్వర్డ్ చేసుకోవచ్చు.

ఢిల్లీ వాళ్లు ఈ విషయంలో ముందున్నారు. పిల్లల మీద భారం తగ్గించాలని 2023లో పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలోంచి మొగలు దర్బారుల పాఠం తీసేశారు. అక్బరు అంత బరువని, రోజూ పిల్లల బ్యాగులు మోసే మాలాంటి తండ్రులకే తెలియలేదు.

చెన్నైలో ఇంకా జాగ్రత్త అవసరం. 1639లో ఇక్కడి నేలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చింది దామెర్ల నాయకులనే తెలుగువాళ్లని, ఊరి పేరు వాళ్ల నాన్న చెన్నప్పదని మా అక్క కొడుకుకి నేను చెప్పలేదు. చెబితే వాడు "మద్రాస్ మనదే" అంటాడు. ఆ గొడవ 1953లోనే ముగిసింది. పైగా మా ఫ్లాట్ అద్దె అగ్రిమెంటు ఇంకా పదకొండు నెలలుంది.

అందుకే నా ప్రతిపాదన. పట్టాభిషేకం ముందు దాకా కులోత్తుంగుడు ఆంధ్రా పుస్తకంలో ఉంటాడు. తర్వాత సరిహద్దులో తడ దగ్గర సంతకం పెట్టించుకుని తమిళనాడు పుస్తకానికి అప్పగిస్తారు. తల్లిని ఎటు చూపించాలో కమిటీ తేలుస్తుంది. కమిటీలో మేనమామలు ఉండకూడదు.

సెలవులయ్యాక వాణ్ని దిగబెట్టడానికి కారులో బయల్దేరాం. కులోత్తుంగుడికి "సుంగం తవిర్త చోళన్" అనే బిరుదుందని, అంటే సుంకాలు ఎత్తేసినవాడని మా అమ్మాయి దారిలో గొప్పగా చెప్పింది. నెల్లూరు రోడ్డు మీద మొదటి టోల్‌గేటు దాటగానే ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది.

"ఏం ఎత్తేశాడే మీ రాజు?" అన్నాడు వాడు.

"మా రాజేంటి? మీవాడేగా!" అంది మా అమ్మాయి.