వలస వారసత్వానికి నీటి గండం

వలస వచ్చినవారు నగరాల్లో నిలబెట్టుకున్న పేటల సంస్కృతిని కాపాడుకోవాలని ఈ మధ్య పెద్దలు గట్టిగా సెలవిస్తున్నారు. ఈ విషయంలో పాలమూరు వాసులకు ముందుగా మాట్లాడే హక్కు ఉన్నది. 1795 తరువాత, దీవుల నడుమ కట్టలు పోసి బొంబాయిని ఒక్క ఊరుగా కలుపుతున్న రోజుల్లో వెలసిన కామాటిపురకు ఆ పేరు తెచ్చింది నిజాం ఇలాకా నుంచి మట్టిపనికి, రాతిపనికి వెళ్ళిన కామాటీలే. ఊరినంతా కలిపినవారికి కాళ్ళు చాపుకునే జాగా దొరకలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ ఇరుకు సందుల్లోని పాత ఇళ్ళను కూల్చి మేడలు లేపాలని చూస్తున్నారు. మేడ గోడ మీద తట్ట మోసే స్త్రీ బొమ్మ వేయిస్తే వారసత్వం నిలుస్తుందని నమ్మేవారికి నా మనవి ఒక్కటే: తట్ట కింద చుట్టబట్టను మరువకండి. పాత చీర చింపి మా పెద్దమ్మ చుట్టుకున్నది ఏళ్ళ తరబడి సిమెంటు నీళ్ళు తాగి రాయిలా బిగిసింది. పని మానుకొని ఊరికి వచ్చాక ఆమె దానిని నీళ్ళ కుండ కింద పెట్టుకున్నది. కుండ ఒరగకుండా వేరే ఏర్పాటు చేస్తే, దానిని అద్దాల పెట్టెకు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు.

అయినా బొమ్మలతో పేట బతకదు. కొత్త కూలీలు రావాలి, అందుకు ఇక్కడ బావులు ఎండాలి. ఈ మర్మం ఎరిగిన పాలకులు, పార్టీ భేదం లేకుండా, మా పక్కనుంచే పారే కృష్ణమ్మను పొలాల వైపు తొందరపెట్టలేదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేసి, 2023లో నార్లాపూర్ వద్ద ఒక మోటారు తిప్పి, వలస సంస్కృతికి దెబ్బ తగలకుండా జాగ్రత్తపడ్డారు.

అయితే కల్వకుర్తి, భీమా కాలువలు ఆ నిగ్రహం పాటించలేదు. నీళ్ళు చేరిన ఊళ్ళలో వలసపోయినవారి ఇళ్ళ తాళాలు తెరుచుకొని, నాట్లకు బీహారు కూలీలే ఎదురొస్తున్నారు. మా ఊళ్ళో వారు బడి వెనుక నాలుగు రేకులు, ఒక టార్పాలిన్ పట్టాతో గుడిసె వేసుకున్నారు. దానిని వారసత్వ కట్టడంగా గుర్తించాలని పంచాయతీకి దరఖాస్తు ఇచ్చాను. శ్రద్ధగా చదివి, రేకుల కిరాయి ఎవరు కడతారని అడిగారు.