శిలాఫలకం మీద తొమ్మిది పేర్లు

మా వార్డులో మలుపు దగ్గర ఒక కల్వర్టు ఉంది. దాని పక్కన నల్లరాతి శిలాఫలకం, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో తొమ్మిది పేర్లు. ప్రోటోకాల్ ప్రకారం పెద్ద పదవి నుంచి చిన్న పదవి దాకా వరసగా దిగుతాయి. రోజూ వాకింగ్‌కి వెళ్తూ చదివీ చదివీ నాకు కంఠతా వచ్చేసింది. నాకు తెలిసి ఆ తొమ్మిది మందిలో ఏ ఒక్కరూ వాన కురుస్తుండగా ఆ మలుపులో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూసినవాళ్లు కాదు.

చూసినాయన వేరే ఉన్నాడు. రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్. మా వార్డు సీనియర్ సిటిజన్ల కమిటీలో సభ్యుడు. నేను బాబాయి గారూ అని పిలుస్తాను. రెండు వానాకాలాలు గొడుగు వేసుకుని తిరిగి, నీళ్లు ఎక్కడ ఎంత ఎత్తుకు వచ్చాయో గోడల మీద మేకుతో గీతలు గీశాడు. (ఒకరిద్దరు ఇంటివాళ్లతో తిట్లు కూడా తిన్నాడు.) వాన వెలిశాక టేపు పట్టుకుని కొలిచాడు. చివరికి తేలిందేమిటంటే, రోడ్డు కింద ఉన్న పాత తూము కాలువ అడుగు కంటే జానెడు ఎత్తులో ఉంది. నీళ్లు దాన్ని దాటలేక వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తున్నాయి. పూడిక ఎన్నిసార్లు తీసినా లాభం లేదు, తూమే దించాలి. అదే మాట కమిటీ మీటింగ్‌లో చెప్పాడు, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. ఏడాదిన్నర తర్వాత పని జరిగింది. ప్రారంభోత్సవం నాడు ఆయన జనంలో వెనక ఎక్కడో నిలబడి చూశాడు. కుర్చీ కూడా వెయ్యలేదు.

అప్పటి నుంచీ నాకు ఒకటే మంట. ఆయనకి సన్మానం చెయ్యలేదని కాదు. ఆ సలహా ఆయన ఇచ్చినట్టు ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. రేపు ఇంకో వార్డులో ఇలాంటి సమస్యే వస్తే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. ఆయన పేరు మాత్రమే కాదు, ఆయన నేర్చుకున్నది కూడా ఊరికి దక్కకుండా పోయింది.

అసలు ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో చాలామందికి తెలియదు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు ఉండాలి: యువతకి ఒకటి, మహిళలకి ఒకటి, సీనియర్ సిటిజన్లకి ఒకటి, ప్రముఖులకి ఒకటి. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే ఒక వార్డులో 60 మంది. మీ వార్డులో ఆ 60 మందిలో పది మంది పేర్లు చెప్పగలరా? సరే, ముగ్గురు? నేను మూడేళ్లు మహిళా కమిటీలో ఉన్నాను, మా పక్కింటావిడకి ఆ సంగతి తెలియదు. తెలిసిన రోజున ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నీకేమైనా ఇస్తారా?" ఏమీ ఇవ్వరని చెప్తే జాలిగా చూసింది.

వార్డు కమిటీలతో అయిపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ పాఠశాలకీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయాల్సింది వాళ్లే. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఏ విత్తనాలున్నాయి, ఏ మందుమొక్కలున్నాయి, వాటి సంగతి ఎవరికి తెలుసు అన్నది జనాన్ని అడిగి రిజిస్టర్‌లో రాయడం దాని ముఖ్యమైన పని. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీ పెట్టమంది. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లని ఎన్నుకోవాల్సింది కూడా వీధి వ్యాపారులే. బండి మీద సరుకు అమ్ముకునే మనిషి పొద్దున పదకొండింటి మీటింగ్‌కి వచ్చాడంటే ఆ పూట బేరం వదులుకుని వచ్చాడని అర్థం. ఆ మనిషిని ఆఫీసు వరండాలో రెండు గంటలు నిలబెట్టడం ఎంత అన్యాయమో నేను వేరే చెప్పక్కర్లేదు.

వాలంటీర్లు అనే మాట కావాలనే వాడటం లేదు. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాటకి వేరే అర్థం స్థిరపడింది. యాభై ఇళ్లకి ఒకరు, గౌరవ వేతనం, పింఛన్ల పంపిణీ, ఆ పైన దాని మీద రాజకీయం. నేను చెప్పేది ఆ వ్యవస్థ గురించి కాదు. జీతం, అధికారం రెండూ లేకుండా కేవలం సలహా చెప్పడానికి వచ్చి కూర్చునేవాళ్ల గురించి.

ఇక ఈ పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే బయటివాళ్లకి ఇదేదో పదవి అనిపిస్తుంది. మీటింగ్ రేపు అనగా ఈరోజు సాయంత్రం ఫోన్ వస్తుంది. అజెండా ఏమిటని అడిగితే "రండి మేడమ్, ఇక్కడ చెప్తాం" అంటారు. మా దగ్గర నాలుగు కమిటీలనూ ఒకేసారి పిలిచేవాళ్లు. వెళ్తే సార్ ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపు హాజరు పట్టీ చేతికి వస్తుంది, సంతకం పెట్టు. మీటింగ్ మొదలవకముందే సంతకాలు అయిపోతాయి కాబట్టి, ఆ తర్వాత లేచి వెళ్లిపోయినవాళ్లు, మూడు గంటలు కూర్చుని వాదించినవాళ్లు, అందరూ కాగితం మీద ఒకటే. మినిట్స్ బుక్‌లో ఏం రాశారో మూడేళ్లలో నేను ఒక్కసారే చూశాను. "సభ్యులు పలు సూచనలు చేశారు" అని ఉంది.

పలు సూచనలు! గోడ గోడకీ తిరిగి కొలిచిన కొలతలు, అంగన్‌వాడీ ముందు స్తంభానికి వేలాడుతున్న వైరు, స్కూలు వదిలే టైమ్‌కే చెత్త లారీ రావడం, అన్నీ కలిపి పలు సూచనలు అయిపోయాయి. మనిషి పేరు లేకపోతే పోనీ, కనీసం ఆ మాటైనా ఉండాలి కదా. ఎవరు ఏం చెప్పారు, దానికి ఆఫీసు ఏమంది, చేస్తామందా, కుదరదందా, కుదరకపోతే ఎందుకు. నాకు తెలిసిన గుర్తింపు ఇదే. "మీరు చెప్పింది చెయ్యలేం, ఆ స్థలం మాది కాదు, ఇంకో శాఖది" అని రాతపూర్వకంగా ఒక్క జవాబు వచ్చి ఉంటే నేను దాన్ని ఫ్రేము కట్టించుకునేదాన్ని.

దాని బదులు మనకి వచ్చేది శాలువా. ఎప్పుడో ఒక జాతీయ పండగ రోజున అరగంట ముందు పిలుస్తారు. స్టేజి మీద వరసగా నిలబెడతారు, కప్పుతారు, ఫొటో తీస్తారు, మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది. కింద శాలువా కప్పినవారి పేరు ఉంటుంది. కప్పించుకున్నవారు "తదితరులు". నేను తదితరులుగా రెండుసార్లు పేపర్లో పడ్డాను. మా అమ్మ ఆ కటింగ్ దాచింది కూడా, పాపం.

ఇందులో నాకు అన్నిటికన్నా వింతగా తోచే సంగతి చెప్తాను. ఈ వివరాలు బయటపెట్టమని చట్టం ఎప్పుడో చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టం అనగానే మనకి పది రూపాయల దరఖాస్తు గుర్తొస్తుంది. కానీ అదే చట్టంలో సెక్షన్ 4 ఉంది, ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రకటించాల్సిన వాటి జాబితా. అందులో ఒక అంశం అచ్చంగా మా బోటివాళ్ల గురించే. సంస్థలో భాగంగానో, దానికి సలహా ఇవ్వడానికో ఏర్పాటు చేసిన, ఇద్దరు లేదా అంతకు మించి సభ్యులున్న బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీల వివరాలు ప్రకటించాలి. వాటి సమావేశాలకి ప్రజలు రావచ్చో లేదో చెప్పాలి. మినిట్స్ ప్రజలకి అందుబాటులో ఉంటాయో లేదో చెప్పాలి. చట్టం చేసిన 120 రోజుల్లోగా ఇదంతా జరగాలని కూడా అందులోనే ఉంది.

సభ్యుల పేర్లు వెయ్యాలని ఆ వాక్యంలో విడిగా లేదు, ఒప్పుకుంటాను. కానీ కమిటీ ఉందని చెప్పి అందులో ఎవరున్నారో చెప్పకపోతే ఆ చెప్పడం దేనికి? ఎలా చెప్పాలో కూడా అదే సెక్షన్ చెప్పింది: నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్, ఏ దారిలో అయినా సరే, స్థానిక భాషని దృష్టిలో పెట్టుకుని. మా ఆఫీసు నోటీసు బోర్డు మీద నేను చూసినన్నాళ్లూ గడువు దాటిపోయిన టెండర్ నోటీసు, ఎప్పటిదో దోమల నివారణ పోస్టర్ ఉండేవి. ఖాళీ జాగా మాత్రం బోలెడు.

వేరే చోట ఇది పెద్ద విశేషమేమీ కాదు. న్యూయార్క్ నగరంలో 59 కమ్యూనిటీ బోర్డులున్నాయి. ఒక్కో దాంట్లో 50 మంది దాకా సభ్యులు, జీతం లేదు, చెప్పేది సలహాయే, దానికి నగరం కట్టుబడాలని లేదు. కానీ సమావేశాలు నెలనెలా బహిరంగంగా జరుగుతాయి, మామూలు మనిషి వెళ్లి మైకు ముందు మాట్లాడొచ్చు. వాళ్లేదో దేవతలని కాదు. అక్కడా ఏళ్ల తరబడి కుర్చీ వదలనివాళ్లు తయారయ్యారు కాబట్టే 2018లో ఓటింగ్ పెట్టి, వరసగా నాలుగు దఫాలకి మించి ఉండకూడదని నియమం తెచ్చారు. ఎవరు ఎన్నాళ్ల నుంచి కూర్చున్నారో జనానికి కనిపించింది కాబట్టి ఆ మాట అడగగలిగారు. మన దగ్గర ఎవరు కూర్చున్నారో తెలిస్తే కదా, ఎన్నాళ్ల నుంచి అని అడగడానికి.

పేర్లు బయటపెట్టడానికి భయపడేది అందుకే అని నా అనుమానం. జాబితా గోడకి ఎక్కితే పని చేసినవాళ్ల పేర్లతో పాటు మిగతావాళ్లవీ ఎక్కుతాయి. మా 60 మందిలో మీటింగ్‌కి క్రమం తప్పకుండా వచ్చింది ఇరవై మంది ఉంటారేమో. కొందరు తమ పేరు ఉందనే తెలియనివాళ్లు. కొందరు ఏదో పార్టీలో తిరిగినందుకు పేరు ఎక్కించుకుని మళ్లీ మొహం చూపించనివాళ్లు. ఒకావిడ అయితే పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయి చాలా కాలమైంది, జాబితాలో మాత్రం ఇంకా ఉంది. కాబట్టి పేర్లు వేస్తే హాజరు కూడా పక్కనే వెయ్యాలి. ఆరు మీటింగులకి ఎన్నిటికి వచ్చారు, అంతే. పొగడ్త ఒక్క ముక్క అక్కర్లేదు, ఆ అంకె చాలు. ఆరుకి ఆరు అని ఉన్న మనిషికి అంతకన్నా పెద్ద శాలువా లేదు.

ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం వెయ్యకూడదు. ఈ మాట గట్టిగా ఎందుకు అంటున్నానంటే, మా కమిటీలో ఒక అమ్మాయి నంబరు ఏదో వాట్సాప్ గ్రూపులో పడి, రాత్రి పదకొండింటికి నల్లా రావట్లేదని ఫోన్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి చేతిలో ఏముందని? రెండు నెలలకి రాజీనామా ఇచ్చింది. ఆఫీసు ఈమెయిల్ ఒకటి పెట్టి, కమిటీకి చెప్పాల్సింది దానికి రాయండి అంటే పోతుంది.

ఇంకో వాదన కూడా విన్నాను, అదీ మంచివాళ్ల నోటి నుంచే. సేవ చేసేవాళ్లకి పేరెందుకు, చెప్పుకుంటే చేసిన పుణ్యం పోతుంది అని. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. గుడికి ఫ్యాన్ ఇచ్చినవాళ్లు రెక్క రెక్కకీ పేరు రాయించుకుంటే ఎవరికీ పుణ్యం పోవడం గుర్తు రాదు. గాలి తిరగదు కానీ పేరు తిరుగుతుంది. పైగా ఇది పుణ్యం సంగతి కాదు, ఊరి లెక్క. సలహా చెప్పింది ఎవరో తెలిస్తే ఆ సలహా తప్పయినప్పుడు నిలదీయొచ్చు కూడా. మా మహిళా కమిటీ పట్టుబట్టి ఒక చోట స్పీడ్ బ్రేకర్ వేయించింది, అది తప్పు చోటు, అంబులెన్స్ తిరిగే దారి. అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తప్పు నా పేరు మీద రాసి ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా చెప్పి ఊరుకోలేదు. కిందటి ఏడాది సెక్షన్ 4 ప్రతి తీసి, ఆ వాక్యం కింద గీత గీసి, ఒక అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాను. మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ఇన్‌వార్డులో ముద్ర వేసి పంపించారు. రెండోసారి "ఫైలు సెక్షన్‌లో ఉంది" అన్నారు. మూడోసారి కొత్తగా వచ్చిన ఒక క్లర్కు కుర్రాడు చదివి, "ఇందులో కష్టమేముంది మేడమ్" అని ఆ వారంలోనే నాలుగు కమిటీల జాబితా టైపు చేసి, దోమల పోస్టర్ పీకేసి, అక్కడ అంటించాడు. హాజరు లేదు, మినిట్స్ లేవు, ఉత్త పేర్లు. ఆ కుర్రాడి పేరు కూడా నేను అడగడం మర్చిపోయాను చూడండి.

ఫొటో తీసి బాబాయి గారికి పంపాను. అంతకు ముందు ఎన్నోసార్లు ఈ విషయం ఎత్తితే "మనకెందుకమ్మా ఈ వయసులో పేర్లూ గీర్లూ" అని కొట్టిపారేసిన మనిషి. రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. పట్టించుకోలేదులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఫోన్.

"అమ్మాయ్, బోర్డు చూసొచ్చాను. నా ఇనిషియల్ తప్పు పడింది. ఆఫీసు ఎన్నింటికి తీస్తారో తెలుసా?"