విమానాన్ని వంకరగా తిప్పి డబ్బులు గుంజుతున్నారా? లేదు

మా పలాస వైపు గ్రూపుల్లో వారం రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమరకి వెళ్లే విమానం సగం టైంలో చేరిపోవాలట. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సూటిగా పోకుండా వంకరగా తిప్పి టికెట్ రేటు పెంచుతున్నారట. పైగా తెల్లవారుజామున 4కి ఎక్కినవాళ్లు అదే రోజు పొద్దున్న 6కి దిగుతున్నారు కాబట్టి అసలు ప్రయాణం రెండు గంటలేనట! మా పెద్దమ్మ వచ్చే వారం కూతురి దగ్గరకి వెళ్తోంది, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. "ఏట్రా బాబూ, దారి తప్పించి తిప్పుతారట, నిజమేనా?" అని అడిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు భూమి సంగతి. మన దగ్గర నేల గంటకి దాదాపు 1,580 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది, నిజమే, కానీ దాంతోపాటే గాలీ పోతోంది, ఆ గాల్లో ఎగిరే విమానమూ పోతోంది. రైల్లో జీడిపప్పు అమ్మే కుర్రాడు పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి నడిచినా, మళ్లీ వెనక్కి వచ్చినా అడుగులు అన్నే పడతాయి కదా, ఇదీ అంతే. తేడా వచ్చేది పైగాలి వల్ల. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. అంటే పడమరకి వెళ్లేవాళ్లకి ఎదురుగాలి, టైం ఎక్కువే పడుతుంది.

ఇక వంకర దారి. బడిలో ఉండే గ్లోబు మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య దారం బిగించి పట్టి చూడండి, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. అదే దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట పోతే దాదాపు 15,000 అవుతుంది. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినందువల్ల వచ్చిన వంకర అది.

ఒక్కోసారి కావాలనే దూరం దారి పడతారు, అదీ మోసం కాదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే రూటుని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదకి మార్చింది. దూరం 15,000 దాటింది, అయినా ఈ దారిలో తూర్పుకి పోతారు కాబట్టి, వెనక నుంచి గాలి తోడుండటంతో పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికంటే ముందే. అయినా ఊరికే తిప్పితే కాలేది కంపెనీ సొంత ఇంధనమే కదా.

మూడోదే నాకు కోపం తెప్పించింది. టికెట్ మీద ఎక్కే టైం ఢిల్లీది, దిగే టైం అక్కడిది. చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. 4 నుంచి 6 అంటే రెండు గంటలు, వాటికి ఈ పదమూడున్నర కలపండి, పదిహేనున్నర గంటలు. పెద్దమ్మ ఆ మెసేజ్ నమ్మి, రెండు గంటలే కదా అని బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు అన్నీ పెద్ద సూట్‌కేసులో అడుక్కి సర్దేసింది. నిన్న రాత్రి మళ్లీ అదంతా విప్పించి, మాత్రలు తీసి చేతిసంచిలో పెట్టించాం.