బ్యాంకుగారి కేవైసీ పెండింగులో ఉంది

ఖాతాదారు ఎవరో బ్యాంకుకు క్షుణ్ణంగా తెలియాలన్న కేవైసీ నియమాన్ని తప్పుపట్టేవాళ్లలో నేను లేను. దేవరకొండ అవతల నాలుగెకరాల బత్తాయి తోట ఉన్న ఒక రైతును తీసుకుందాం. బ్యాంకు పాసుపుస్తకంలో ఆయన మల్లయ్య, ఆధార్‌లో మల్లేశ్, పట్టాదారు పుస్తకంలో ఇంటిపేరు ఒక అక్షరం పోగొట్టుకున్న మరో మల్లయ్య. ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసే భారం ఆ ముగ్గురి మీదే ఉండడం న్యాయం. 2024లో రుణమాఫీ ప్రకటించినప్పుడు ఆధార్‌లోని పేరుకు, ఖాతాలోని పేరుకు పొత్తు కుదరక చాలామంది రైతులకు డబ్బు ఆగిపోయింది. అప్పు ఇచ్చేనాడు కనిపించని తేడా మాఫీ చేసేనాడు కనిపించడం వ్యవస్థ చూపు మెరుగుపడిందనడానికి నిదర్శనమే గాని, దాన్ని పట్టుకొని ధర్నా చేయడం భావ్యం కాదు.

నా అభ్యంతరమల్లా ఈ నియమం ఏకపక్షంగా నడుస్తున్నదన్నదే. మల్లయ్య ఎవరో బ్యాంకు అడుగుతున్నది, బ్యాంకు ఎవరో మల్లయ్య అడగడం లేదు. ఈ లోటు తీర్చడానికి, ఎవరూ అప్పగించకపోయినా, దేశంలోకెల్లా పెద్దదైన భారతీయ స్టేట్ బ్యాంకు గుర్తింపు పత్రాలను నల్లగొండ, పాలమూరు ఖాతాదారుల తరఫున పరిశీలించే పని నేనే నెత్తికెత్తుకున్నాను. ఫారంలో పుట్టిన తేదీ అన్న గడి దగ్గరే కలం ఆగిపోయింది.

బ్యాంకు ఏటా జూలై 1న పుట్టినరోజు జరుపుకుంటుంది, ఎందుకంటే అది ఆ పేరుతో వెలసింది 1955 జూలై 1న. వయసు అడిగితే మాత్రం రెండు వందలు దాటిందంటుంది. బడిలో ఒక పుట్టినరోజు, పింఛను దరఖాస్తులో ఇంకొకటి రాయించుకున్న పెద్దమనుషులు మా వైపు లేకపోలేదు గాని, వాళ్లు కూడా తేడాను పదేళ్లు దాటనివ్వలేదు. అసలు సంగతేమంటే, 1806 జూన్ 2న కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ కలకత్తా పేరుతో పుట్టిన ఈ శిశువు, మూడేళ్లు నిండకముందే 1809 జనవరి 2న బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. 1840లో బొంబాయిలో ఒక తమ్ముడు, 1843లో మద్రాసులో ఇంకొక తమ్ముడు పుట్టారు. 1921 జనవరి 27న ముగ్గురూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అనే ఒకే మనిషిగా మారారు. ముగ్గురు ఒక్కరు కావడమనే అద్భుతం ఒక శాసనంతో సుసాధ్యమైందని మల్లయ్య ఇక్కడ గమనించాలి.

బొంబాయి తమ్ముడి చరిత్ర మా పత్తి రైతులు చదవదగ్గది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోవడంతో బొంబాయి పత్తికి రెక్కలొచ్చాయి. ఆ ధర చూసి ఒళ్లు మరిచిన షేరు వ్యాపారులకు బ్యాంకు కూడా ఒళ్లు మరిచి అప్పులిచ్చింది. యుద్ధం ఆగింది, ధర కూలింది, అప్పులు మునిగాయి, 1868లో బ్యాంకును మూసేశారు. అదే ఏడాది అదే పేరుతో కొత్త బ్యాంక్ ఆఫ్ బొంబాయి వెలిసింది. పత్తి ధరను నమ్మి అప్పులపాలైనవాళ్లు మా జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు గాని, అదే ఏడాది అదే పేరుతో మళ్లీ పుట్టే వెసులుబాటు వాళ్లలో ఎవరికీ దొరికినట్టు వినలేదు.

ఇక తండ్రి పేరు. 1955లో ఇంపీరియల్ బ్యాంకును స్టేట్ బ్యాంకుగా మార్చినప్పుడు దానికి కారణమైంది గోర్‌వాలా అధ్యక్షతన జరిగిన గ్రామీణ రుణ సర్వే. దేశంలో సేద్యగాళ్లు తెచ్చుకున్న ప్రతి 100 రూపాయల అప్పులో వాణిజ్య బ్యాంకులది ఒక్క రూపాయి కూడా లేదని, వడ్డీ వ్యాపారులది 70 రూపాయల దాకా ఉన్నదని ఆ సర్వే తేల్చింది. అందుకని కొత్త బ్యాంకు ఐదేళ్లలో 400 శాఖలు తెరవాలని చట్టమే శాసించింది. అంటే ఈ మహాసంస్థను కన్నది షావుకారేనని చెప్పవచ్చు. ఆయన అంత గట్టిగా పాతుకుపోయి ఉండకపోతే ఈయన అవసరమే వచ్చేది కాదు. పైగా కేవైసీ విషయంలో షావుకారును మించిన సంస్థ ఇప్పటికీ పుట్టలేదు. ఎవరి తాత ఎంత బాకీ పెట్టి పోయాడు, ఎవరి భార్య మెడలో పుస్తెలతాడు ఎన్ని తులాలు, ఎవరి బావిలో నీళ్లు ఏ నెలదాకా ఉంటాయి అన్నవి ఆయనకు కంఠతా వచ్చు. ఫొటోలు అడిగేవాడు కాదు, జిరాక్సు అడిగేవాడు కాదు. వేలిముద్ర మాత్రం, ఆధార్ పుట్టడానికి ఎన్నో తరాల ముందే, తప్పనిసరి చేశాడు.

అయితే 1955 నాటి ఈ వంశవృక్షం మనకు నేరుగా తగలదు. మన వైపు బ్యాంకు అంటే హైదరాబాద్ బ్యాంకే. నిజాం సర్కారు 1941 ఆగస్టు 8న హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించింది. అది 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో, అంటే ఒకనాడు ఫిరంగులు పోసిన చోట, తలుపులు తెరిచింది. (ఈస్టిండియా కంపెనీ ఫౌజుకు పడ్డ బాకీ కింద 1853లో బేరారు ప్రాంతం మొత్తాన్ని అప్పజెప్పిన రాజ్యం సొంత బ్యాంకు పెట్టుకోవడానికి 88 ఏళ్లు ఆలోచించింది. తొందరపాటు అనడానికి వీల్లేదు.) పుట్టుక పత్రాల్లో ఇక్కడ కూడా తిరకాసే. బ్యాంకును పుట్టించిన చట్టం మీద ఉన్న సంవత్సరం నిజాం సర్కారు వాడిన ఫసలీ పంచాంగం ప్రకారం 1350. గవర్నమెంటు డైరీ ప్రకారం 1941. రెండింటికీ తేడా 591 ఏళ్లు. మల్లయ్య ఆధార్‌లో జూన్ 1 బదులు జూలై 1 పడితే మీసేవకు పంపే కౌంటరు దీన్ని ఎలా ఆమోదించిందో ఎక్కడా రాసి లేదు.

ఆ బ్యాంకు లెక్కలు ఉస్మానియా సిక్కాలో నడిచేవి. మన వాళ్లు హాలీ అన్నది దాన్నే. ఇంగ్లీషు సర్కారు రూపాయి కల్దార్. ఏడు హాలీ రూపాయలైతే ఆరు కల్దార్లు. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు లెక్కగట్టి ఇవ్వడం ఏ కంప్యూటరూ లేని గుమాస్తాకు నోటి లెక్క. ఇవాళ సర్వర్ డౌన్ అయితే కౌంటర్ మీద 'దయచేసి రేపు రండి' అట్ట నిలబెట్టే శాఖలను చూసినప్పుడు ఆ గుమాస్తాలు గుర్తొస్తారు. ఏ బ్యాంకు శాఖలని అడగవద్దు, అట్ట అందరి దగ్గరా అదే.

పోలీసు చర్య జరిగింది, రాజ్యం పోయింది, బ్యాంకు మిగిలింది. 1956లో రిజర్వు బ్యాంకు దాన్ని దత్తత తీసుకొని స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు తిరగేసింది. 'హైదరాబాద్ స్టేట్' కాస్తా 'స్టేట్... హైదరాబాద్' అయింది. మల్లయ్య ఇంటిపేరు ముందు రాయాలా వెనుక రాయాలా అన్నదాని మీద దరఖాస్తు తిరగ్గొట్టేవాళ్లు ఈ ఘట్టాన్ని రెండుసార్లు చదవాలి. 1959లో ఆ దత్తపుత్రుణ్ణి స్టేట్ బ్యాంకు చేతికి ఇచ్చారు. ఆ తరువాత దాదాపు అరవై ఏళ్లు మన వాళ్లు దాన్నే మన బ్యాంకు అనుకున్నారు.

2017 ఏప్రిల్ 1న అది అయిపోయింది. బికనీర్-జైపూర్, మైసూరు, పాటియాలా, తిరువాంకూరు స్టేట్ బ్యాంకులతోనూ, మూడున్నరేళ్ల కిందట పుట్టిన భారతీయ మహిళా బ్యాంకుతోనూ కలిపి హైదరాబాద్ బ్యాంకును పెద్ద బ్యాంకు తనలో కలిపేసుకున్నది. తేదీ ఎంపికలో ఎవరి హాస్యమూ లేదు, ఆర్థిక సంవత్సరం ఆనాడే మొదలవుతుంది. మూడేళ్లకు ఆంధ్రా బ్యాంకును యూనియన్ బ్యాంకులో కలిపిందీ ఏప్రిల్ 1నే. పేరు మారింది బ్యాంకుకు, చెక్కు పుస్తకం చెల్లకుండా పోయింది ఖాతాదారుకు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది బ్యాంకుకు, దాన్ని ఊరంతా తిరిగి అందరికీ చెప్పుకోవలసింది ఖాతాదారు. కట్టడం అదే, కౌంటర్ అదే, దారం కట్టి ఉంచిన మూతలేని పెన్ను కూడా అదే. బోర్డు ఒక్కటే కొత్తది.

అదే రోజు నుంచి కనీస నిల్వ నియమం కూడా తిరిగి అమలులోకి వచ్చింది. పల్లె శాఖలో నెలకు సగటున 1,000 రూపాయలు లేకపోతే జరిమానా. ఆ ఏడు ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా బ్యాంకు ఈ పద్దు కింద వసూలు చేసింది దాదాపు 1,771 కోట్ల రూపాయలు. జూలై-సెప్టెంబర్ త్రైమాసికంలో దాని నికరలాభం 1,581 కోట్లు. ఖాతాలో డబ్బున్నవాళ్ల వల్ల ఒక త్రైమాసికంలో వచ్చిన లాభం కంటే డబ్బు లేనివాళ్ల మీద ఎనిమిది నెలల్లో రాబట్టిన జరిమానా ఎక్కువన్నమాట. మక్తల్ దగ్గర బొంబాయి బస్సెక్కి, ముందు చేతికొచ్చిన కూలి ఇంటికి పంపి, ఖాతాను ఖాళీగా వదిలేసిన పాలమూరు వలస కూలీ దేశ ఆర్థిక వ్యవస్థకు ఈ రూపంలో కూడా ఉపయోగపడతాడని అప్పటిదాకా ఏ ప్రణాళికా సంఘానికీ తట్టలేదు. జన్‌ధన్ ఖాతాలకు మినహాయింపు ఉన్నందున పేదలకు నష్టం లేదని పెద్దలన్నారు. 2020 మార్చిలో బ్యాంకు ఆ జరిమానాను ఎత్తేసింది. పుచ్చుకున్నది తిరిగి ఇచ్చినట్టు వార్త రాలేదు.

గ్రామీణ బ్యాంకుల సంగతి చెప్పకుండా ఈ ఫైలు మూయలేను. నల్లగొండకు నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరుకు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేవి. రెండింటికీ ప్రాయోజకుడు స్టేట్ బ్యాంకే. 2006లో అవి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిశాయి. 2025 జనవరి 1న దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. శ్రీశైలం నీళ్లలో మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. అదే పేరున్న బ్యాంకుకు ఆ పాటి శ్రద్ధ అక్కరలేకపోయింది. గుడిలో దేవుడికి మాత్రం ఇంకా పాత పేరే ఉంది, ఆయనను కేవైసీ ఎవరూ అడగనందువల్ల కావచ్చు.

ఇన్ని పేర్లు మార్చుకున్నవాళ్లకు ఇతరుల పేర్లు కలపడం కష్టమేనని 2024లో స్టేట్ బ్యాంకే సుప్రీంకోర్టుకు స్వయంగా విన్నవించుకున్నది. పార్టీలకు విరాళాలిచ్చేందుకు ఈ బ్యాంకు అమ్మిన ఎన్నికల బాండ్ల పథకాన్ని కోర్టు ఫిబ్రవరి 15న కొట్టేసి, వివరాలు మార్చి 6లోగా ఇమ్మన్నది. కొన్నవాళ్ల జాబితా ఒకచోట, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఇంకొకచోట ఉన్నాయని, రెంటినీ సరిపోల్చడానికి జూన్ 30 దాకా గడువు కావాలని బ్యాంకు అడిగింది. 2019 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బాండ్లు 22,217. లోక్‌సభ ఎన్నికలు ఈలోగా ముగిసిపోతాయన్నది కేవలం పంచాంగం చూస్తే తెలిసే విషయం. మార్చి 11న కోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చి మర్నాడే ఇమ్మంటే, మర్నాడే ఇచ్చింది. బాండ్ల మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే నంబర్లు కూడా ఇవ్వాలని మళ్లీ గట్టిగా చెప్తే, మార్చి 21న అవీ ఇచ్చింది.

కాబట్టి దరఖాస్తును తిరస్కరించడం లేదు, పెండింగులో పెడుతున్నాను. దాని మీద ఏం రాయమంటారని మల్లయ్యను అడిగాను. బ్యాంకు వాళ్లను రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, కొత్త పేరుతో వచ్చిన కరెంటు బిల్లు పట్టుకొని సోమవారం పదిన్నరకు రమ్మన్నాడు. భోజన విరామం తరువాత వస్తే తను తోటలో ఉంటాడట.