ప్రిసింక్ట్ గీత మారింది.. ఓటరుకు చెప్పారా?

2017 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికలు జరిగాయి. ఫ్రెడరిక్స్‌బర్గ్, స్టాఫర్డ్ ప్రాంతాలున్న 28వ జిల్లాలో (ఇక్కడ జిల్లా అంటే మన నియోజకవర్గం లాంటిది) రీకౌంటింగ్ తర్వాత రిపబ్లికన్ అభ్యర్థి బాబ్ థామస్ 73 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ పోటీలో కనీసం 147 మంది ఓటర్లకు తమది కాని జిల్లా బ్యాలెట్ ఇచ్చినట్టు తేలింది. అంటే మెజారిటీకి రెట్టింపు. థామస్ సభలో అడుగుపెట్టకుండా ఆపాలని ఓటర్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది.

అదే ఎన్నికల్లో న్యూపోర్ట్ న్యూస్ నగరంలోని 94వ జిల్లాలో ఇద్దరు అభ్యర్థులకూ సరిగ్గా 11,608 ఓట్ల చొప్పున వచ్చాయి. గిన్నెలో చీటీలు వేసి విజేతను తేల్చారు. సభలో రిపబ్లికన్లకు ఆధిక్యం దక్కాలా, రెండు పార్టీలూ సమానంగా నిలవాలా అన్నది కూడా ఆ చీటీతోనే తేలింది. అక్కడా పాతిక మందికి పైగా ఓటర్లు పొరపాటున పక్క జిల్లాలో ఓటేశారని కొన్ని నెలల తర్వాత వాషింగ్టన్ పోస్ట్ పరిశీలనలో బయటపడింది. చీటీ తీసే అవసరమే వచ్చి ఉండేది కాదేమో!

రెండు చోట్లా దొంగ ఓట్లు లేవు, యంత్రాలు చెడిపోలేదు, బెదిరింపులు లేవు. కాగితం మీద గీసిన సరిహద్దు ఒకచోట ఉంది, ఓటర్ల జాబితాలో ఆ ఇంటి చిరునామా మరోచోట నమోదైంది, అంతే. ఓటర్లను విడదీసే అతి చిన్న ఎన్నికల విభాగమైన ప్రిసింక్ట్ సరిహద్దుల సర్దుబాటు అంటే రెండు మూడేళ్లకోసారి కౌంటీ (మన రెవెన్యూ జిల్లా లాంటి పాలనా విభాగం) ఆఫీసులో సాగే గుమస్తా పని అనుకునేవాళ్లు ఈ రెండు ఫలితాలను ఒకసారి చూడాలి.

మన పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. భారత్‌లో పోలింగ్ బూత్ మారితే ఓటరు నడిచే దారి మారుతుంది కానీ ఓటు మారదు. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఏ బూత్‌కి వెళ్లినా అభ్యర్థుల జాబితా ఒక్కటే. అమెరికాలో అలా కాదు. ఒకే బ్యాలెట్ మీద కాంగ్రెస్ సభ్యుడి నుంచి రాష్ట్ర సెనేటర్, కౌంటీ కమిషనర్, స్థానిక న్యాయమూర్తి, స్కూలు బోర్డు సభ్యుడి దాకా ఉంటారు. వీటిలో ఒక్కో పదవికి ఒక్కో రకం హద్దులు. ఆ హద్దులన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే మిగిలే చిన్న ముక్కే ప్రిసింక్ట్. ఆ ముక్క గీత ఒక వీధి అటు జరిగితే, ఆ వీధివాళ్ల చేతికొచ్చే బ్యాలెట్టే వేరేదవుతుంది.

అందుకే చట్టాలు ప్రిసింక్ట్‌కు రెండు రకాల షరతులు పెట్టాయి. ఒకటి పరిమాణం. టెక్సాస్‌లో ఒక ప్రిసింక్ట్‌లో సాధారణంగా 100 మందికి తగ్గకుండా, 5,000 మందికి మించకుండా నమోదైన ఓటర్లు ఉండాలి. చిన్న కౌంటీలకు కొంత సడలింపు ఉంది. వర్జీనియాలోనూ కొత్తగా ఏర్పాటు చేసే ప్రిసింక్ట్‌కు గరిష్ఠ పరిమితి 5,000. రెండోది హద్దు. టెక్సాస్‌లో ఒక ప్రిసింక్ట్ రెండు కాంగ్రెస్ జిల్లాల్లోకి గానీ, రెండు రాష్ట్ర శాసనసభ జిల్లాల్లోకి గానీ, ఇద్దరు కౌంటీ కమిషనర్ల పరిధుల్లోకి గానీ చొచ్చుకుపోకూడదు. ఈ నియమాలు పాటిస్తున్నామో లేదో బేసి సంఖ్య సంవత్సరాల్లో మార్చి లేదా ఏప్రిల్‌లో కౌంటీ కమిషనర్స్ కోర్టు సరిచూసుకోవాలి. కోర్టు అన్నది పేరుకే, నిజానికది కౌంటీ పాలక మండలి.

పరిమాణం షరతు ఎందుకో టెక్సాస్‌లోని కొలిన్, డెంటన్ కౌంటీల్లో ఉండే మనవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా లాంటి ఊళ్లలో నిన్న పొలం, ఇవాళ కాలనీ. 2023లో దేశంలోనే అతి వేగంగా జనాభా పెరిగిన నగరంగా సెన్సస్ బ్యూరో సెలైనాను గుర్తించింది. అలాంటిచోట ఒక ప్రిసింక్ట్ రెండేళ్లలో పరిమితి దాటిపోవడం వింతేమీ కాదు. చీల్చాలి. చీల్చడం కష్టమూ కాదు. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద రోడ్డు వెంట గీత గీస్తే రెండు ముక్కలూ చట్టానికి లోబడే ఉంటాయి.

నా అభ్యంతరమల్లా అక్కడితో పని అయిపోయిందనుకోవడం మీదే. అంకె సరిపోయిందా లేదా అని చట్టం చాలా కచ్చితంగా అడుగుతుంది. గీత ఎప్పుడు మార్చారు, మారిన ప్రతి ఇంటినీ జాబితాతో సరిచూశారా, ఆ ఇంట్లోవాళ్లకు ఓటింగ్ మొదలయ్యేలోగా తెలిసిందా అని మాత్రం అంత కచ్చితంగా అడగదు. వర్జీనియాలో దెబ్బకొట్టింది ఈ రెండోదే.

గడువు సంగతి చూడండి. పీఎల్ 94-171 అనే 1975 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం జనాభా లెక్కలు తీసిన మరుసటి ఏడాది ఏప్రిల్ 1కల్లా సెన్సస్ బ్యూరో రాష్ట్రాలకు వివరాలు అందజేయాలి. కొవిడ్ వల్ల 2020 లెక్కలు 2021 ఆగస్టు 12న గానీ రాలేదు. టెక్సాస్ గవర్నర్ కొత్త జిల్లాల మ్యాపుల మీద 2021 అక్టోబరు 25న సంతకం చేశారు. ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకునే తొలి దశ ఎన్నిక, 2022 మార్చి 1న. అంతకు రెండు వారాల ముందే ముందస్తు ఓటింగ్. మధ్యలో ఉన్న కొద్ది నెలల్లో రాష్ట్రంలోని 254 కౌంటీలు పైనున్న జిల్లాలకు తగ్గట్టు ప్రిసింక్ట్‌లను తిరగగీసి, ప్రతి చిరునామాకు కొత్త నంబరు వేసి, కార్డులు పంపాలి. అప్పుడంటే మహమ్మారి ఉంది.

2025లో అదీ లేదు. పదేళ్ల లెక్కల మధ్యలోనే టెక్సాస్ కాంగ్రెస్ జిల్లాలను మళ్లీ గీసింది. ఆగస్టు 29న గవర్నర్ సంతకం చేశారు. నవంబరు 18న ముగ్గురు జడ్జీల ఫెడరల్ ధర్మాసనం ఆ మ్యాపును ఆపింది. డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి, కొత్త మ్యాపునే వాడుకోనిచ్చింది. నామినేషన్ల గడువు డిసెంబరు 8. ప్రైమరీ 2026 మార్చి 3. ఎన్నికలు దగ్గరపడ్డాక కోర్టులు నియమాలు మార్చకూడదన్నది 2006 నాటి పర్సెల్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్న మాట. ఆ మాట సబబే. మరి శాసనసభలు మాత్రం ఎన్నికలు దగ్గరపడ్డాక గీతలు మార్చవచ్చా? పార్టీల లెక్కలు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో తేలతాయి. ఆ లెక్కలకు తగ్గట్టు ఇంటింటి చిరునామా సరిచేసే భారం మాత్రం కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఉన్న కొద్దిమంది మీద పడుతుంది. చిన్న కౌంటీల్లో ఆ పని చేసేది ఒకరో ఇద్దరో. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

హడావుడి ఎంత నష్టం చేస్తుందో 2022లో నాష్‌విల్ చూపించింది. టెనెసీ శాసనసభ ఆ నగరాన్ని మూడు కాంగ్రెస్ జిల్లాలుగా చీల్చింది. ముందస్తు ఓటింగ్ సగం దాటాక చూస్తే, వందలాది మంది తమది కాని జిల్లాలో ఓటేశారని బయటపడింది. వేసిన ఓటును వెనక్కి తీసుకుని సరిచేసే మార్గం లేదు. రహస్య ఓటింగ్‌లో అది సాధ్యం కాదు కూడా.

రహస్యం అన్నాం కాబట్టి, పెద్దగా ఎవరూ పట్టించుకోని మరో చిక్కు కూడా చెప్పాలి. పై జిల్లాల గీతలు అడ్డదిడ్డంగా వెళ్తే, వాటికి తగ్గట్టు ప్రిసింక్ట్‌లను కోస్తూ పోతే, కొన్నిచోట్ల పిడికెడు మంది ఓటర్లున్న ముక్కలు మిగులుతాయి. ఫలితాలు ప్రిసింక్ట్‌ల వారీగా ప్రకటిస్తారు. ఎవరు ఓటు వేశారన్న జాబితా బహిరంగమే. ఒక ముక్కలో ఓటేసింది ముగ్గురే అయి, మూడు ఓట్లూ ఒకరికే పడితే ఇక దాచడానికి ఏముంది? 2024లో టెక్సాస్‌లో ఇలా బహిరంగ రికార్డులను జతచేసి కొందరి ఓటు ఎవరికి పడిందో పసిగట్టవచ్చని బయటపడింది. దాంతో కొన్ని వివరాలు మరుగుపరచాలని రాష్ట్ర అధికారులు కౌంటీలకు సూచించాల్సి వచ్చింది. ప్రిసింక్ట్‌లో కనీసం ఇంతమంది ఉండాలన్న నియమాన్ని ఖర్చు తగ్గించుకునే ఏర్పాటుగా చూస్తారు చాలామంది. ఓటరుకు అది రక్షణ కవచం కూడా. దానికి సడలింపులు ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

గీత మారిన సంగతి ఓటరుకు తెలియకపోతే శిక్ష ఎవరికి? అరిజోనాలో ప్రిసింక్ట్ పద్ధతి పాటించే కౌంటీల్లో తనది కాని ప్రిసింక్ట్‌లో ఓటేస్తే మొత్తం బ్యాలెట్ చెత్తబుట్టలోకే. అమెరికా సెనేటర్ పదవికి పోటీ రాష్ట్రమంతటికీ ఒక్కటే అయినా ఆ ఓటు కూడా లెక్కలోకి రాదు. 2016లో అలా 3,970 బ్యాలెట్లు పోయాయి. పోలింగ్ రోజున ఓటేసిన లాటినో, నల్లజాతి, ఆదివాసీ ఓటర్లలో ఇలా జరిగింది సుమారు ఒక శాతం మందికి, మిగిలినవారిలో దాదాపు అర శాతం మందికి. ఈ నిబంధన ఓటింగ్‌లో జాతి వివక్షను అడ్డుకునే ఓటింగ్ హక్కుల చట్టానికి విరుద్ధం కాదని 2021 జులై 1న బ్రనోవిచ్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో తీర్పునిచ్చింది. తన పోలింగ్ కేంద్రం ఎక్కడో తెలుసుకుని వెళ్లడం ఓటరుకు మామూలు శ్రమేనని మెజారిటీ అభిప్రాయం. కేంద్రాలు మాటిమాటికీ మారుస్తుంటే అది మామూలు శ్రమ ఎలా అవుతుందని జస్టిస్ ఎలెనా కేగన్ తన భిన్నాభిప్రాయంలో ఎత్తిచూపారు. నాకు కేగన్ వాదనే న్యాయంగా కనిపిస్తుంది. గీత జరిపింది ప్రభుత్వం. జరిగిందని తెలుసుకోలేకపోయిన నేరం ఓటరుదా?

ఈ గొడవంతా లేకుండా కౌంటీలో ఏ కేంద్రంలోనైనా ఓటేసే పద్ధతి పెట్టొచ్చు కదా అంటారు. కొలరాడోలోని లారిమర్ కౌంటీ 2003లోనే ఆ దారి చూపింది. టెక్సాస్‌లోనూ చాలా కౌంటీలు అటే వెళ్లాయి. తప్పు కేంద్రానికి వెళ్లి ఓటు పోగొట్టుకునే బాధ తప్పుతుంది, నిజమే. కానీ ఏ కేంద్రానికి వెళ్లినా అక్కడి యంత్రం బ్యాలెట్ ఇచ్చేది మన చిరునామాకున్న ప్రిసింక్ట్ నంబరును బట్టే. ఆ నంబరు తప్పయితే కౌంటీ అంతటా ఎక్కడికెళ్లినా తప్పు బ్యాలెట్టే వస్తుంది. పైగా ఈ పద్ధతి పేరుతో కేంద్రాలను మరీ తగ్గిస్తే ఏమవుతుందో అరిజోనాలోని మారికోపా కౌంటీ చూపించింది. 2012 అధ్యక్ష ప్రైమరీకి 200 కేంద్రాలుంటే 2016లో 60 పెట్టారు. జనం గంటల తరబడి క్యూల్లో నిలబడ్డారు.

ఒకప్పుడు అరిజోనా, టెక్సాస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో ప్రిసింక్ట్ గీత మార్చినా, పోలింగ్ కేంద్రం మార్చినా ముందుగా కేంద్ర న్యాయశాఖ అనుమతి గానీ, వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు అనుమతి గానీ తీసుకోవాల్సి వచ్చేది. 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ ఏర్పాటు పోయింది. 2012-2018 మధ్య ఆ అనుమతి పరిధిలో ఉన్న ప్రాంతాల్లో 1,688 పోలింగ్ కేంద్రాలు మూతపడ్డాయని లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ ఎడ్యుకేషన్ ఫండ్ 2019లో లెక్కకట్టింది. అన్నిటి వెనుకా దురుద్దేశం ఉందని నేననను. కానీ గీత అమల్లోకి వచ్చేలోపు మరో కన్ను దాన్ని చూసేది. ఇప్పుడు ఆ కన్ను లేదు.

మరి చట్టం ఎలా ఉండాలి? జార్జియాలో ఒక మంచి నియమం ఉంది. ఆ రాష్ట్ర ఎన్నికల చట్టాలతో నాకు చాలా విభేదాలున్నా దీన్ని మెచ్చుకోక తప్పదు. 2,000 మందికి పైగా ఓటర్లున్న ప్రిసింక్ట్‌లో జనం గంటకు మించి క్యూలో నిలబడాల్సి వస్తే, తదుపరి సాధారణ ఎన్నికల్లోగా ఆ ప్రిసింక్ట్‌ను చిన్నదైనా చేయాలి, సిబ్బందినో యంత్రాలనో అయినా పెంచాలి. ఇక్కడ కొలమానం కాగితం మీది అంకె ఒక్కటే కాదు, ఓటరు పడ్డ ఇబ్బంది కూడా. సమాచారం విషయంలోనూ ఇలాంటి నియమమే కావాలి. గీత మారిన ప్రతి ఓటరుకూ తదుపరి ఎన్నికకు కనీసం 15 రోజుల ముందు ఉత్తరం పంపాలని వర్జీనియా చట్టం చెబుతోంది. పత్రికలో ఒక ప్రకటన వేసి చేతులు దులుపుకోవడం కన్నా ఇది ఎంతో నయం. కానీ ఆ రాష్ట్రంలో ముందస్తు ఓటింగ్ మొదలయ్యేది 45 రోజుల ముందు! ఉత్తరం వచ్చేసరికి ఓటు వేసేసినవాళ్ల సంగతేమిటి? గడువును పోలింగ్ రోజు నుంచి కాక, తొలి బ్యాలెట్ చేతికొచ్చే రోజు నుంచి లెక్కగట్టాలి. గీత మారిన ప్రతిచోటా సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ఇళ్లను ఒక్కొక్కటిగా మ్యాపుతో పోల్చి, ఆ తనిఖీ నివేదికను కౌంటీ బహిరంగపరచాలి. అందుకయ్యే ఖర్చును గీతలు మార్చమన్న రాష్ట్రమే భరించాలి.

టెక్సాస్‌లో ప్రిసింక్ట్‌ల తదుపరి సమీక్ష 2027 మార్చి, ఏప్రిల్‌లలో జరగాలి. కమిషనర్స్ కోర్టు సమావేశాలు బహిరంగమే, పౌరులు మాట్లాడవచ్చు. ఐటీ ఉద్యోగాల్లో మ్యాపులతో, డేటాతో కుస్తీ పట్టే మనవాళ్లలో పౌరసత్వం వచ్చి ఓటున్నవారు ఆ కౌంటీల్లో చాలామందే ఉన్నారు. వాళ్లు అక్కడ అడగాల్సినవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. కొత్త గీత ఏ వీధి మధ్య నుంచి వెళ్తోంది, ఆ వీధిలో ఎన్ని ఇళ్లున్నాయి, నిరుడు కట్టిన కాలనీ చిరునామాలు మ్యాపులోకి ఎక్కాయా, మారినవాళ్లకు కొత్త కార్డు ఏ తేదీకల్లా అందుతుంది? ఇంట్లో ఉన్న ఓటరు కార్డు మీద ప్రిసింక్ట్ నంబరు, జిల్లాల నంబర్లు ఉంటాయి. వాటిని కౌంటీ వెబ్‌సైట్‌లోని కొత్త మ్యాపుతో పోల్చి చూసి, తేడా ఉంటే ఆ సమావేశంలోనే రాతపూర్వకంగా ఇవ్వాలి.